పూర్వాభాద్ర రెండు చుక్కల మధ్య

(నవంబరులో ఒక సాయంత్రం గుంటూరులో ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట అడుగుతాను. మీలో పూర్వాభాద్ర నక్షత్రంలో పుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యి ఎత్తండి. ఒకరు... ఇద్దరు... ఆ చివర అమ్మగారు, ముగ్గురు. సంతోషం. మీ ముగ్గురినీ ఒకటి అడుగుతాను. గుళ్ళో అర్చన చేయించేటప్పుడు గోత్రంతో పాటు చెబుతారు కదా, ఆ నక్షత్రాన్ని ఆకాశంలో ఎప్పుడైనా చూశారా? చూడలేదు. ఫర్వాలేదు, ఇవాళ చూద్దాం. పూర్వాభాద్ర అంటే రెండు చుక్కలు. ఈ నెలలో రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాయి. ఆ రెండు చుక్కల మధ్యలో, కాస్త పడమటి పక్కకు, ఒక మినుకు మినుకుమనే చుక్క ఉంది. మన పంచాంగంలో దానికి పేరు లేదు. శాస్త్రవేత్తల జాబితాలో 51 పెగాసీ అని ఒక నంబరు ఉంది, అంతే. 1995 దాకా దాన్ని పనిగట్టుకుని చూసినవాళ్ళు చాలా తక్కువ. ఇవాళ నేను మాట్లాడేది ఆ చుక్క గురించి, దాని చుట్టూ తిరిగే ఒక గ్రహం గురించి.

మన సూర్యుడి చుట్టూ గ్రహాలున్నాయి, సరే. మరి మిగతా నక్షత్రాల సంగతేమిటి? ఇన్ని కోట్ల నక్షత్రాల్లో ఈ ఒక్క సూర్యుడికేనా సంసారం? ప్రశ్న చాలా పాతది. జవాబు మాత్రం కొత్తది. నేను డిగ్రీ చదివేటప్పుడు మా పుస్తకాల్లో సౌరకుటుంబానికి బయట తెలిసిన గ్రహాలు సున్నా. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అని రాసేవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠం చెప్పాను. ఆ ముప్పై ఏళ్ళలోనే ఆ సున్నా వందలైంది, వేలైంది. 2025లో ఆరు వేలు దాటింది.

ఇంతకాలం ఎందుకు పట్టింది? ఈ బల్ల మీద కొబ్బరికాయ ఎందుకు పెట్టారా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు కదా. ఇది సూర్యుడు అనుకోండి. మరి భూమి ఎంత ఉంటుంది? నా వేలి మీద చూడండి, వెనక వాళ్ళకు కనిపించదు, ఒక సన్న ఆవగింజ. ఈ ఆవగింజ కొబ్బరికాయకు ఎంత దూరంలో ఉండాలి? సుమారు 15 మీటర్లు. అంటే ఈ హాలు చివర, ఆ మెట్ల దగ్గర. గురుగ్రహం ఒక రేగుపండంత ఉంటుంది, కింద వీధి మలుపులో. ఇప్పుడు చెప్పండి, రెండో కొబ్బరికాయ, అంటే మనకు అందరికంటే దగ్గరి నక్షత్రం, ఎక్కడ? సుమారు నాలుగు వేల కిలోమీటర్ల అవతల. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా వెళ్ళినా సరిపోదు. అక్కడ కొబ్బరికాయ భగభగ మండుతుంటే, దాని పక్కన ఉన్న ఆవగింజను ఇక్కడ నిలబడి చూడాలి. ఆ గింజకు సొంత వెలుగు లేదు. మన భూమినే తీసుకుంటే, అది వెనక్కి పంపే వెలుగు సూర్యుడి వెలుగులో వెయ్యి కోట్లవ వంతు.

చూడలేం. మరి ఉందని ఎలా తెలుసుకోవాలి?

తిరునాళ్ళలో చూసే ఉంటారు. తండ్రి పిల్లవాడి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పుతాడు. పిల్లవాడు పెద్ద చుట్టు తిరుగుతాడు. మరి తండ్రి? ఆయన కదలకుండా నిలబడలేడు. కొంచెం వెనక్కి వాలి, తనూ ఒక చిన్న చుట్టు తిరుగుతాడు. ఇప్పుడు చీకటి పడిందనుకోండి. పిల్లవాడు కనపడడు. తండ్రి వేసుకున్న తెల్ల చొక్కా ఒక్కటే కనపడుతోంది. ఆ చొక్కా అటూ ఇటూ ఊగుతుంటే ఏమనుకుంటారు? చేతిలో ఎవరో ఉన్నారనుకుంటారు. అంతే. గ్రహాన్ని వెతకడమంటే ఆ తెల్లచొక్కా ఊగుతోందా లేదా అని చూడటమే.

ఎంత ఊగుతుంది? గురుడు మన సూర్యుణ్ణి ఊపే వేగం సెకనుకు సుమారు 12 మీటర్లు. ప్రపంచంలో అందరికంటే వేగంగా పరిగెత్తే మనిషి వేగం. భూమి ఊపేది సెకనుకు 9 సెంటీమీటర్లు. పాకే పసిపిల్ల ఇంతకంటే త్వరగా పోతుంది. ఆ కాస్త కదలికను కాంతి సంవత్సరాల దూరం నుంచి, అంటే వెలుగు రావడానికే ఏళ్ళు పట్టే దూరం నుంచి, పట్టుకోవాలి. ఇంత చిన్నదాన్ని కొలిచేటప్పుడు మీ పనిముట్టు పిసరంత తప్పినా, ఆ తప్పే మీకు గ్రహంలా కనిపిస్తుంది. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. ఈ వెతుకులాట చరిత్రలో సగం ఈ ఒక్క మాటే.

ఈ చరిత్ర మొదటి పేజీల్లో ఒకటి మద్రాసులో ఉందని మీకు తెలుసా? నుంగంబాక్కంలో ఈస్టిండియా కంపెనీవారి నక్షత్రశాల, అంటే అబ్జర్వేటరీ, ఉండేది, 1792లో కట్టింది. 1855లో దానికి అధికారి కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్. వృశ్చికానికి పైన సర్పధారి రాశిలో ఒక జంట నక్షత్రం ఉంది. 70 ఒఫియూకి అంటారు. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి 88 ఏళ్ళకొక చుట్టు తిరుగుతాయి. జేకబ్ గారు ఆ కొలతలన్నీ దగ్గర పెట్టుకుని లెక్క కట్టారు. లెక్క ప్రకారం ఉండాల్సిన చోట అవి లేవు. చిన్న తేడా ఉంది. ఆ తేడాకు కారణం, కంటికి కనపడని ఒక గ్రహం కావచ్చునని లండన్ పత్రికకు రాశారు. కొలతల ఆధారంగా వేరే నక్షత్రానికి గ్రహం ఉందని చేసిన మొట్టమొదటి ప్రకటనల్లో ఇదొకటి. మన ప్రెసిడెన్సీ రాజధాని నుంచి!

నిజమైందా? కాలేదు. తర్వాతి కొలతలు ఒప్పుకోలేదు. కానీ నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. మద్రాసు ఉక్కపోతలో, ఆ రోజుల దుర్భిణితో, ఆ తేడాను పట్టించుకోవాలని ఆయనకు అనిపించింది కదా. తేడా వస్తే చెరిపేసి ఊరుకునే రకం కాదు.

వంద ఏళ్ళ తర్వాత అమెరికాలో మళ్ళీ ఇదే జరిగింది. పీటర్ వాన్ డి క్యాంప్ అని ఒక పెద్దాయన. స్ప్రౌల్ అబ్జర్వేటరీలో, మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బర్నార్డ్ నక్షత్రాన్ని 1938 నుంచి ఫొటోలు తీయించారు. రెండు వేలకు పైగా గాజు పలకలు. జీవితం దానికే పెట్టారు. 1963లో ప్రకటించారు, నక్షత్రం ఊగుతోంది, గురుడి కంటే బరువైన గ్రహం ఉంది అని. ప్రపంచం నమ్మింది, పాఠ్యపుస్తకాల్లో వచ్చింది. పదేళ్ళకు ఇంకొకరు వేరే దుర్భిణులతో తీసిన పలకలు కొలిచారు. ఊపు లేదు. అదే స్ప్రౌల్ పలకల్లో మిగతా నక్షత్రాలను కొలిచి చూస్తే, అవి కూడా అవే సంవత్సరాల్లో పక్కకు జరిగాయి. ఏమిటా సంవత్సరాలు? 1949లో దుర్భిణికి మరమ్మతు చేశారు, అద్దం సర్దారు. ఊగింది నక్షత్రం కాదండీ, దుర్భిణి.

వాన్ డి క్యాంప్ చివరిదాకా ఒప్పుకోలేదు. 1995 మే నెలలో 93 ఏళ్ళ వయసులో పోయారు. ఇంకో అయిదు నెలలు ఉంటే మొదటి నిజమైన కబురు వినేవారు. ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పకపోతే నాకు మనసొప్పదు. 2024లో, 2025లో బర్నార్డ్ నక్షత్రం చుట్టూ నిజంగానే గ్రహాలు దొరికాయి. ఒకటి కాదు, నాలుగు. ఆయన చెప్పిన గ్రహం మాత్రం కాదు. అన్నీ భూమి కంటే చిన్నవి, నక్షత్రాన్ని అంటిపెట్టుకుని రోజుల వ్యవధిలో చుట్టు తిరిగేవి. ఆయన పనిముట్టుకు అవి ఎప్పటికీ అందేవి కావు.

నక్షత్రం పక్కకు ఊగడం చూడటం ఒక పద్ధతి. ఇంకో పద్ధతి ఉంది. మన వైపు వస్తోందా, మన నుంచి పోతోందా చూడటం. రైల్వే గేటు దగ్గర నిలబడితే, రైలు వచ్చేటప్పుడు కూత సన్నగా ఉంటుంది, దాటిపోగానే బొంగురుపోతుంది. వెలుగు కూడా అంతే. నక్షత్రం వెలుగును పట్టకం గుండా పంపితే ఏడు రంగుల చీర పరిచినట్టు ఉంటుంది. ఆ చీరలో అక్కడక్కడా నల్లపోగులు. ఒక్కో మూలకానిది ఒక్కో పోగు, దాని చోటు దానిదే. నక్షత్రం మన వైపు వస్తే పోగులన్నీ రవ్వంత నీలం వైపు జరుగుతాయి. పోతే ఎరుపు వైపు.

ఈ పోగులు చదవడంలో మన ఊరికి పెద్ద చరిత్ర ఉంది. 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త స్పెక్ట్రోస్కోపు పట్టుకుని ఎక్కడికి వచ్చాడు? గుంటూరుకు. ఈ ఊళ్ళోనే నిలబడి, గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూశాడు. మర్నాడు గ్రహణం లేకుండానే ఆ గీతలు చూడగలిగాడు. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్. ఆ కాలపు పరిశీలనల నుంచే కదా హీలియం సంగతి బయటపడింది. పిల్లలూ, మీ సైన్సు పుస్తకంలో గుంటూరు పేరు ఉందో లేదో ఇంటికెళ్ళి చూడండి.

సరే, 51 పెగాసీ దగ్గరకు వద్దాం. దాని పోగులు ఎంత జరుగుతాయి? కోటిలో రెండు వంతులు. కిలోమీటరు పొడవు చీర పరిచి, అందులో ఒక్క పోగు మిల్లీమీటరులో అయిదో వంతు పక్కకు జరిగిందా అని చూడటం లాంటిది. దీన్ని కొలవాలంటే పక్కనే కదలని గీతలు కొన్ని ఉండాలి, స్కేలు పెట్టుకున్నట్టు. కెనడాలో బ్రూస్ క్యాంప్‌బెల్, గోర్డన్ వాకర్ ఇద్దరూ ఆ స్కేలు కోసం హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడారు. అది పరమ విషం, లీకైతే ప్రాణాలకే ముప్పు. దాన్ని పెట్టుకుని హవాయి కొండ మీద పన్నెండేళ్ళు 21 నక్షత్రాలను చూశారు. 1988లో గామా సెఫై అనే నక్షత్రం ఊగుతున్నట్టు కనిపించింది. 1992లో, ఇది నక్షత్రం సొంత గుణమేమో, గ్రహం కాకపోవచ్చు అని వెనక్కి తీసుకున్నారు. క్యాంప్‌బెల్ విసిగిపోయి ఖగోళశాస్త్రమే వదిలేశారు. 2003లో వేరేవాళ్ళు తేల్చారు, అక్కడ గ్రహం ఉంది! చేతికందినది నోటికి అందలేదంటే ఇదే. అయినా వాళ్ళది తప్పు అనగలమా? వాళ్ళ చేతిలో ఉన్న ఆధారానికి ఎంత అనాలో అంతే అన్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం చెబుతాను. ఆండ్రూ లైన్, ఇంగ్లండు. పల్సార్లు చూసే మనిషి. పల్సార్ అంటే పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన అతి దట్టమైన ముద్ద, గడియారంలా టిక్కు టిక్కుమని రేడియో సంకేతాలు పంపుతుంది. 1991లో ఆయన బృందం ప్రకటించింది, ఒక పల్సార్ టిక్కుల్లో తేడా వస్తోంది, ఆరు నెలలకొకసారి చుట్టు తిరిగే గ్రహం ఉంది అని. పత్రికలన్నీ రాశాయి. 1992 జనవరిలో అట్లాంటాలో పెద్ద సభ, ఆ గ్రహం గురించి మాట్లాడమని పిలిచారు. సభకు కొద్ది రోజుల ముందు ఆయన తన లెక్కలు మళ్ళీ తిరగేశారు. ఆరు నెలలు... ఆరు నెలలంటే మనకేం గుర్తుకొస్తుంది? ఏడాదిలో సగం. ఎవరి ఏడాది? మన భూమి ఏడాది! భూమి సూర్యుడి చుట్టూ తిరగడాన్ని లెక్కలో సరిదిద్దేటప్పుడు, కక్ష్యను గుండ్రంగా తీసుకున్నారు. పల్సార్ ఉన్న చోటు కూడా కొద్దిగా తప్పు వేసుకున్నారు. ఆ రెండూ కలిసి గ్రహమై కూర్చున్నాయి.

ఆయన ఏం చేశారు? రాకుండా మానేయవచ్చు. ఉత్తరం రాసి ఊరుకోవచ్చు. విమానం ఎక్కి అట్లాంటా వెళ్ళారు. వందల మంది ముందు వేదిక ఎక్కి, గ్రహం లేదు, పొరపాటు మాది, పొరపాటు ఇలా జరిగింది అని చెప్పారు. సభ అంతా చాలాసేపు చప్పట్లు కొట్టింది. నేను ఏ ఏడు పాఠం చెప్పినా ఈ ఒక్క కథ మాత్రం వదిలిపెట్టలేదు. ఆయన దిగగానే వేదిక ఎక్కింది అలెగ్జాండర్ వోల్ష్‌చాన్. ఆయన కూడా పల్సార్ గ్రహాల గురించే మాట్లాడాలి! ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి. కానీ ఆయన లెక్క నిలబడింది. అరెసిబో రేడియో దుర్భిణితో ఆయన చూసిన వేరే పల్సార్ చుట్టూ రెండు గ్రహాలు, 67 రోజులకొకటి, 98 రోజులకొకటి. సౌరకుటుంబం బయట రుజువైన మొదటి గ్రహాలు అవే. చచ్చిపోయిన నక్షత్రం చుట్టూ దొరికాయి.

బతికున్న నక్షత్రం, మన సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ దొరకాలి. అక్కడికే వస్తున్నా. దక్షిణ ఫ్రాన్సులో ఓట్ ప్రోవాన్స్ అబ్జర్వేటరీ. జెనీవాకు చెందిన మిషెల్ మేయర్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు డిడియే కెలో. ఎలోడీ అనే కొత్త స్పెక్ట్రోగ్రాఫు, అంటే ఆ పోగులు కొలిచే పరికరం, బిగించి 142 నక్షత్రాలను చూడటం మొదలుపెట్టారు. మేయర్ హవాయి వెళ్ళారు. కుర్రాడు ఒక్కడే కొండ మీద. 1994 చివర్లో 51 పెగాసీ కొలతలు కుదురుగా లేవు. ఇవాళ ఒక వేగం, రేపు ఇంకొకటి. అతనికి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో ఊహించండి. నేను గ్రహం కనిపెట్టాననా? కాదు. పరికరం పాడైంది, లేదా నేను రాసిన ప్రోగ్రాములో తప్పుంది అని. వెతికాడు. మిగతా నక్షత్రాలు చూస్తే అన్నీ నిలకడగా ఉన్నాయి. ఇదొక్కటే ఊగుతోంది. 4.2 రోజులకొక ఊపు.

నాలుగు రోజులు! గురుడంత గ్రహం నాలుగు రోజుల్లో చుట్టు తిరగడమేమిటి? మన గురుడికి పన్నెండేళ్ళు పడుతుంది. బుధుడికే 88 రోజులు. ఈ గ్రహం బుధుడి కంటే ఎంతో దగ్గరగా, పొయ్యిలో పెట్టినట్టు, వెయ్యి డిగ్రీల వేడిలో ఉండాలి. పెద్ద గ్రహాలు దూరంగా, చల్లగా ఉన్నచోటే పుడతాయని పుస్తకాలన్నీ చెప్పాయి. పుస్తకం అబద్ధమా, కొలత అబద్ధమా?

అప్పటికి 1995 మార్చి. 51 పెగాసీ సూర్యుడి చాటుకు వెళ్ళిపోయింది. మళ్ళీ కనిపించేది జులైలో. ఇద్దరూ నోరు మెదపకుండా ఆగారు. ఆగి, జులైలో ఫలానా రాత్రి ఫలానా వేగం ఉండాలి అని ముందే లెక్క వేసి పెట్టుకున్నారు. జులైలో కొండ ఎక్కారు. మొదటి రాత్రి సరిపోయింది. రెండో రాత్రి సరిపోయింది. మూడు, నాలుగు. అప్పుడు ఇంటివాళ్ళతో కలిసి కేకు కోసుకుని పండగ చేసుకున్నారు. అక్టోబరు 6న ఫ్లారెన్స్ నగరంలో ప్రకటించారు. 2019లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ అమెరికావాళ్ళ సంగతి కూడా చెప్పాలి. జెఫ్రీ మార్సీ, పాల్ బట్లర్ అప్పటికే కొన్నేళ్ళుగా లిక్ అబ్జర్వేటరీలో ఇదే పని చేస్తున్నారు. ఫ్లారెన్స్ కబురు వినగానే నాలుగు రాత్రులు చూశారు, నిజమే అన్నారు. తర్వాత తమ కంప్యూటర్లలో పేరుకుపోయిన పాత కొలతలు తీసి లెక్క కడితే గ్రహాలు బయటపడ్డాయి! గురుడంత గ్రహానికి పన్నెండేళ్ళు పడుతుంది కదా, తొందరేముంది అనుకున్నారు. అప్పటి కంప్యూటర్లు కూడా నిదానమే. మరి నాలుగు రోజుల గ్రహం ఉండొచ్చని ఎవరూ అనలేదా? అన్నారు. ఒట్టో స్ట్రూవే అనే ఖగోళశాస్త్రవేత్త 1952లోనే చిన్న వ్యాసం రాశాడు. నక్షత్రానికి అతి దగ్గరగా పెద్ద గ్రహం ఉండకూడదని ఏమీ లేదు, వెతకండి అని. నలభై ఏళ్ళు ఎవరూ వెతకలేదు. వాన్ డి క్యాంప్ కోరుకున్నదాన్ని చూశాడు. వీళ్ళు అనుకోనిదాన్ని చూడలేదు. రెండూ కంటి జబ్బులే, రెండోది పట్టుకోవడం ఇంకా కష్టం.

బాబూ, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తావు, అడుగు. ఆ... అక్కడికి వెళ్ళగలమా అంటున్నాడు. మంచి ప్రశ్న. 51 పెగాసీ 50 కాంతి సంవత్సరాల దూరం. మనం పంపిన వాయేజర్ 1 సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో అతి దగ్గరి నక్షత్రానికే డెబ్బై వేల ఏళ్ళు పైన పడుతుంది. మనం వెళ్ళలేం నాన్నా. వెలుగే మన దగ్గరకు వస్తుంది.

ఇంకో పద్ధతి త్వరగా చెబుతాను. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వస్తే వెలుగు కొంచెం తగ్గుతుంది. 2012 జూన్ 6 పొద్దున గుర్తుందా? సూర్యబింబం మీద శుక్రుడు నల్లచుక్కలా దాటాడు. మా వీధిలో వెల్డింగు అద్దం ఒకటే ఉంటే నలభై మంది వరస కట్టాం. అప్పుడు చూడనివాళ్ళు ఇక 2117 దాకా ఆగాలి. 1874 డిసెంబరు 9న కూడా ఇలాగే దాటాడు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు కట్టుకున్న సొంత నక్షత్రశాల ఉండేది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు అక్కడి నుంచి ఆ దాటడాన్ని చూసి, సమయాలు రాసి, లండన్ పత్రికకు పంపారు. అచ్చయింది. ఈ పేర్లు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధ.

ఇదే దాటడాన్ని వేరే నక్షత్రం మీద పట్టుకున్నది 1999లో. డేవిడ్ షార్బొనో అనే విద్యార్థి, కొలరాడోలో ఒక కారు పార్కింగు స్థలంలో 10 సెంటీమీటర్ల అద్దం పెట్టుకుని చూశాడు. నా అరచేయంత అద్దం! పెద్ద గ్రహం కాబట్టి వెలుగు వందలో ఒకటిన్నర వంతు తగ్గింది. మరి భూమి లాంటిదైతే? పన్నెండు వేలలో ఒక వంతు. పన్నెండు వేల దీపాలు వెలిగించి ఒక్కటి ఆర్పితే తేడా కనిపెట్టాలి. విలియం బొరూకీ అనే ఆయన, ఇది సాధ్యమే, అంతరిక్షం నుంచి చూద్దాం అని నాసాకు ప్రతిపాదన పెట్టారు. కాదన్నారు. మళ్ళీ పెట్టారు, కాదన్నారు. నాలుగుసార్లు. కాదన్నప్పుడల్లా వాళ్ళు చెప్పిన లోపం సరిచేసుకుని వచ్చారు. 2009లో కెప్లర్ అనే అంతరిక్ష దుర్భిణి పైకి లేచింది. లక్షన్నర నక్షత్రాలను ఒకే చోట కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది. 2018లో ఆగిపోయేసరికి దాని లెక్కలో 2,600కు పైగా గ్రహాలు.

మన దేశం సంగతి? మౌంట్ ఆబూలో గురుశిఖరం మీద, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ (పీఆర్‌ఎల్) వాళ్ళ పారస్ స్పెక్ట్రోగ్రాఫు ఉంది. 2018లో సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలో, భూమికి 27 రెట్లు బరువున్న గ్రహాన్ని తూచారు. అదే ఊపు పద్ధతి. 1.2 మీటర్ల దుర్భిణితో. ఇంకోటి, 2019లో ఒక నక్షత్రానికి, దాని గ్రహానికి పేర్లు పెట్టే అవకాశం మన దేశానికి వస్తే నక్షత్రానికి విభా అని పెట్టారు, విభా చౌధురి గారి పేరు. కాస్మిక్ కిరణాల మీద పనిచేసిన మహా శాస్త్రవేత్త. గ్రహం పేరు సంతమస.

ఈ మధ్య టీవీలో జీవం దొరికింది, జీవం దొరికింది అని చూశారు కదా. కె2-18బి అనే గ్రహం, 124 కాంతి సంవత్సరాల దూరం. కేంబ్రిడ్జిలో నిక్కు మధుసూదన్ గారి బృందం, అంతరిక్షంలో ఉన్న వెబ్ దుర్భిణితో. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాలు ఉందన్నారు. మన సముద్రాల్లో నాచు లాంటి సూక్ష్మజీవులు వదిలే వాయువు అది. అవే కొలతలు వేరేవాళ్ళు తిరగేసి, ఇంత మాట అనడానికి ఆధారం చాలదు అన్నారు. నన్ను చాలామంది ఫోన్ చేసి అడిగారు, ఉందా లేదా మాస్టారూ అని. ఇంకా తేలలేదు. మళ్ళీ చూడాలి, ఇంకా ఎక్కువసేపు చూడాలి. ఉండాలని నాకూ ఉంది, చాలా ఉంది. అందుకే ఆగుతున్నాను.

ఏడూ నలభై అయింది. ఇక పైకి వెళదాం. నడినెత్తి మీద నాలుగు చుక్కల పెద్ద చతురం కనిపిస్తుంది. తూర్పు వైపు రెండూ ఉత్తరాభాద్ర, పడమటి రెండూ పూర్వాభాద్ర. ఆ పడమటి రెండింటి మధ్య, గీతకు కొంచెం బయటగా వెతకండి. దాని ప్రకాశం 5.5. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. ఆ కొలమానాన్ని ఇప్పుడున్న లెక్కలో పెట్టింది కూడా ఇందాకటి మచిలీపట్నం పోగ్సన్ గారే. మన ఊరి లైట్లలో ఉత్త కంటికి దొరకదు, బైనాక్యులర్లు రెండున్నాయి, వంతులవారీగా చూద్దాం. ఒక చిన్న చుక్క, అంతే కనిపిస్తుంది. గ్రహం కనిపించదు. మీరు చూస్తున్నంతసేపూ అది అక్కడ ఊగుతూనే ఉంటుంది. మెట్ల దగ్గర లైటు ఆపేశారు, గోడ పట్టుకుని ఎక్కండి. పూర్వాభాద్ర వాళ్ళు ముగ్గురూ ముందు రండి. అమ్మగారూ, మీరు రండమ్మా, మీతోనే మొదలుపెడదాం.